రెండిళ్ల మోరి

కంఠేశ్వర్‌లో మా అమ్మకు చుట్టాలు చాలామందే ఉన్నారు. కానీ మధ్యాహ్నమైతే ఆమె ఎదురుచూసేది ఒక్క పక్కింటి ఆవిడ కోసమే. ఆవిడ వాళ్లది ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి చందూర్ దగ్గర కాలువ కింద భూములు సాగుచేసుకున్న కుటుంబం. పొలం కొడుక్కి అప్పగించి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఆవిడ పక్కన కూర్చుని లోకంలోని కబుర్లన్నీ చెప్పేది. ఈమె వదినె అంటే ఆమె వదినా అనేది. వాళ్ల నవ్వులు వింటూ నేను పొయ్యి మీద పాలు పొంగించిన రోజులు బోలెడు.

అలాంటి స్నేహాన్ని ఒక మురుగునీటి మోరి మింగేయబోయింది. రెండిళ్ల నీళ్లూ పక్కింటి వాకిట్లో బండ కప్పిన గుంతలో కలిసి, అక్కడి నుంచి ఒకే పైపులో ప్రహరీ కింద నుంచి వీధి కాలువలోకి పోతాయి. ఈ వానాకాలంలో ఒకరోజు నీళ్లు వెనక్కి తన్ని రెండిళ్లలోకీ వచ్చేశాయి.

"నీ గంజే గింత పని జేసింది వదినె. దినాం అన్నం వార్సి మోరిలనే పోస్తవు," అంది అమ్మ గోడ ఇవతల నుంచి.

"మా గంజి నీళ్లలా జారిపోద్ది వదినా. మీ బీడీ ఆకు ముక్కలే అడ్డం పడ్డాయి," అంది ఆవిడ గోడ అవతల నుంచి.

మాటామాటా పెరిగింది. ఆ మధ్యాహ్నం ఆవిడ రాలేదు, మర్నాడూ రాలేదు. అమ్మ ముఖం ముడుచుకుని ఒక్కతే కూర్చుని చుట్టింది. ఎప్పుడూ లేనిది, బీడీలు వదులుగా ఉన్నాయని కార్ఖానా నుంచి తిరిగొచ్చాయి. "మాట్లాడెటోళ్లు లేకపోతె చెయ్యి సాగుతలేదే," అంది. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది.

అసలే నాకు ఓపిక తక్కువ. పొడుగాటి వెదురు బద్ద తెచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయాను. కాలువ వైపు నుంచి పైపులోకి బద్ద దూర్చి ఇద్దరం నెట్టాం. కొంత దూరం పోయి ఆగిపోయింది. చీర కుచ్చిళ్లు దోపుకుని అమ్మ తన బలమంతా పెట్టినా కదల్లేదు. ఇంతలో లోపల బండ జరిపిన చప్పుడైంది.

"ఇక్కడ కొస కనిపిస్తోంది!" ప్రహరీ అవతల నుంచి ఆవిడ గొంతు.

అమ్మ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తర్వాత వీధంతా వినబడేలా అరిచింది. "గుంజు వదినె, గుంజు!"

"మీరు నెట్టండి వదినా!"

నెట్టాం. ఆవిడ లాగింది. ఉన్నట్టుండి బద్ద సర్రున లోపలికి పోయింది, అవతల దబ్బుమని చప్పుడు, వెంటనే పెద్ద నవ్వు. పరుగెత్తి వెళ్లి చూస్తే ఆవిడ బురదలో చతికిలబడి ఉంది. బద్ద కొసకు పిడకంత ముద్ద. తునికాకు ముక్కలు పొరలు పొరలుగా, మధ్యలో గంజి బంకలా పట్టి ఉంది.

"ఆకు ముక్కలు జారతాయని మరిగే గంజి పోశానే!" అంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక.

"గోడకు కాయితం అతికిచ్చినట్టు అతికిచ్చినవు గదనె!" అంటూ అమ్మ కూడా ఆ బురదలోనే కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. వాళ్లను చూస్తే నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ సాయంత్రమే గుంతలోకి వచ్చే పైపులకు జాలీలు బిగించాం. ఆకు ముక్కలన్నీ ఇక ఎండబెట్టి నీళ్లు కాగే పొయ్యిలోకి. గంజిలో ఉప్పేసి, ఉల్లిపాయ ముక్కలు కలిపి అమ్మకు గ్లాసులో తెస్తానంది ఆవిడ. తెలివంతా నాదే అన్నట్టు నేనో సలహా పడేశాను. "ఇగ లొల్లే లేకుంట మనకు వేరే పైపు ఏయిద్దాం అమ్మా."

అమ్మ చివరి జాలీని పైపు మూతికి గట్టిగా నొక్కింది.

"వద్దు బిడ్డా," అంది అమ్మ. "నడుమ గోడ ఎట్లాగూ కట్టుకున్నం. మోరన్న ఒక్కటుండనీ."