లేరు అన్న మాట

ఆ రోజు నేను "లేరు" అన్నానా, "ఇంట్లో లేరు" అన్నానా?

ఏళ్ళు గడిచాయి. ఎప్పుడో చదివిన పుస్తకంలో ఏ పేజీలో ఏముందో ఇప్పటికీ చెప్పగలను. నా నోటి నుంచి వచ్చింది ఒక మాటా రెండు మాటలా అన్నది మాత్రం తేల్చుకోలేకపోతున్నాను.

మా కింది వాటాలో, వీధివైపు గదిలో ఆమె కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. కొత్త బట్టలు కుట్టేది కాదు. చిరిగినవి, వదులైనవి, పొట్టివైనవి బాగుచేసేది. వీధంతా ఆమెను బొత్తాలక్క అనేవారు. ఊడిన బొత్తానికి జత దొరకదని ఎవరైనా అంటే రేకు డబ్బాలు నాలుగూ బోర్లించి, గంట పట్టినా సరే, అదే రంగు, అవే నాలుగు కన్నాలు ఉన్నదాన్ని వెతికి తీసేది. భర్త పోయి పదేళ్ళయింది. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. అరిగిన నా కాలర్లు తిరగేసి కుట్టి ఇస్తూ, "మీ పుస్తకాలన్నీ కలిసి మీ మెడ వంచేశాయి, చొక్కా ఏం చేస్తుంది పాపం" అని వేళాకోళమాడేది.

ఆమె కళ్ళకి నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చే జబ్బు అది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలవాలంటే ఆపరేషన్ చెయ్యాలి. సంక్షేమ కార్డు మీద పెద్దాసుపత్రిలో ఉచితంగా చేస్తామన్నారు. ఇరవయ్యో తేదీ రమ్మన్నారు.

సంక్షేమ కార్డుల సర్వే ఆయన వచ్చిన ఉదయం ఆమె ఆ ఆపరేషన్ తాలూకు రక్తపరీక్షలకే వెళ్ళింది. కింద తాళం చూసి ఆయన పైకి వచ్చాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్.

"కింది వాటా ఆవిడ ఉన్నారాండీ?"

నేను ఒక అధ్యాయం చివర్లో ఉన్నాను. పేజీ మీద వేలు తియ్యకుండా, తల ఎత్తకుండా ఏదో అన్నాను. ఆయన ట్యాబ్ మీద ఒకసారి నొక్కి, "థాంక్సండీ" అని మెట్లు దిగిపోయాడు. ఆ ట్యాబ్‌లో రెండే గడులుంటాయని తరవాత తెలిసింది. ఉన్నారు, లేరు. అంతే.

వారం తిరక్కుండానే, కంటి చుక్కల కోసం వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో ఆమె వేలిముద్ర తీసుకుంటే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయట: లబ్ధిదారు లేరు.

కార్యాలయానికి తోడుగా నేనూ వెళ్ళాను. గుమస్తా చాలాసేపు తెరలోకి చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీరు పోయారు."

"ఎక్కడికి బాబూ?"

"చనిపోయారమ్మా. రికార్డులో."

"మరి నీతో మాట్లాడుతున్నదెవరు?"

"నాకు కనిపిస్తూనే ఉన్నారు. సిస్టమ్‌కి కనిపించొద్దూ?"

"అయితే దానికీ నీటికాసులే. ఇరవయ్యో తేదీ నాతో పంపించు, ఇద్దరం చేయించుకొస్తాం."

వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. "పోయినవాళ్ళకి క్యూ ఏంటక్కా, ముందుకెళ్ళిపో" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆమె కూడా పడీ పడీ నవ్వింది. గుమస్తా ఒక్కడే నవ్వలేదు. అర్జీ మీద ముద్ర వేసి, పై సంతకం కావాలని, పైవాళ్ళంతా శాసనసభ పనుల్లో ఉన్నారని చెప్పాడు.

ఆ వారమంతా ఎదురు టీ కొట్టులో టీవీ మోగిపోతూనే ఉంది. పోయినవాళ్ళ పేరుతో లబ్ధి తింటున్న లక్షా పన్నెండు వేలమందిని ఏరిపారేశామని మంత్రి శాసనసభలో కాగితం చూసి చదివాడు. బతికున్నవాళ్ళని చంపారని ప్రతిపక్షం బల్లలు గుద్దింది.

"ఏరాల్సిందే బావా. మేడలున్నోళ్ళకి కూడా కార్డులున్నాయి" అన్నాడు టీ కొట్టాయన.

"ఉండవూ మరి! మీ మావగారి మేడ గురించేగా నువ్వు చెప్పేది?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న మెకానిక్.

మూడో రోజు ప్రతిపక్షం మనుషులు వచ్చి ఆమెను తమ బహిరంగ సభకి తీసుకెళ్ళారు. ఏమీ మాట్లాడక్కర్లేదు, నిలబడితే చాలన్నారు. "ఈ తల్లి శవమా, మీరే చెప్పండి!" అని నాయకుడు ఆమె చెయ్యి పట్టి పైకెత్తాడు. ఆ లైట్ల వెలుగుకి ఆమె కళ్ళు మూసుకునే ఉంది. మర్నాడు అదే టీవీలో అధికారపక్షం ప్రతినిధి, ఆమె వ్యాపారం చేసుకునే మనిషనీ, ఎవరు తెచ్చి నిలబెట్టారో తమకు తెలుసనీ, విచారణ జరిపిస్తామనీ అన్నాడు.

ఆ తరవాత వీధి మారిపోయింది. ఒక జీపు రోజూ ఎదురుగోడ పక్కన ఆగేది. అందులోంచి దిగినవాళ్ళు మిషనుకీ, బొత్తాల డబ్బాలకీ, తలుపు మీది ఇంటి నంబరుకీ ఫోటోలు తీసుకునేవారు. ఎవరని అడిగినవాళ్ళకి కూడా ఫోటో తీసేవారు. బట్టలిచ్చేవాళ్ళు తగ్గారు. ఆ గడప తొక్కితే మన కార్డు కూడా పోతుందని కూరగాయలామె నా ముందే ఎవరితోనో అంది. బొత్తాలక్క గుమ్మం దాటేటప్పుడు ఎడమ భుజం తలుపుచెక్కకి కొట్టుకోవడం చూశాను. ఒకసారి కాదు. పొరుగూళ్ళో ఉన్న ఆమె అక్క ఫోన్ చేసి, అక్కడి ధర్మాసుపత్రిలో కార్డు అడగరని చెప్పింది. కానీ వరస వచ్చేసరికి ఏడాది పడుతుందట. "ఏడాదికి నాకు ఏం మిగులుతుందే, తడుముకోడానికి గోడలా?" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

పద్దెనిమిదో తేదీన పెద్ద కార్యాలయం నుంచి కబురొచ్చింది. నన్ను కూడా రమ్మన్నారు.

అధికారి లేచి నిలబడి ఆమెకి కుర్చీ చూపించాడు. మంచినీళ్ళు తెప్పించాడు. ఆ మర్యాద చూశాక నేను పక్క కుర్చీ అంచునే కూర్చున్నాను.

"ఫైల్లో ఉన్నది ఒక్కటే మాటమ్మా, లేరు అని. చెప్పినవారు, పై వాటా పెద్దాయన."

ఆమె నావైపు చూసింది. పక్కచూపు పోవడంతో తల మొత్తం తిప్పాల్సి వచ్చింది.

"ఇంట్లో లేరని చెప్పుంటారండీ" అంది.

"ఉంటారు కాదు. ఏమన్నారు సార్ మీరు?"

"గుర్తు లేదండీ" అన్నాను.

ఆయన తల ఊపాడు. "మంత్రిగారు సభలో చదివిన అంకె అది. ఒకటి తగ్గిందంటే మిగతావి కూడా మళ్ళీ లెక్కపెట్టమంటారు. అందుకని మేం తప్పు చేశామని మేం రాయలేం. మీరు రాస్తే వేరు."

"ఏమని?"

"ఆవిడ చనిపోయిందని నేను అబద్ధం చెప్పాను, అని. అది తప్పుడు సమాచారం పద్దులోకి పోతుంది. మా లెక్క తప్పినట్టు కాదు, అంకె కదలదు. ఈ పూటే కార్డు తెరుచుకుంటుంది."

"రాస్తే నాకేమవుతుంది?"

"అది పోలీసువాళ్ళ పని సార్. నా పరిధి కాదు."

తెల్ల కాగితం, పెన్ను నా ముందుకి జరిపాడు. ఫ్యాను గాలికి కాగితం ఎగరకుండా ఆమె దాని మీద చెయ్యి ఆనించింది. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను.

"ఒక్క రోజు టైమివ్వండి" అన్నాను.

ఆమె చెయ్యి తీసేసింది.

తిరిగొస్తూ బస్సులో, "రేపు పొద్దున్నే రాసిస్తానమ్మా" అన్నాను.

"మాట కదా అన్నయ్యగారూ, ఆలోచించుకునే అనండి" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే కాగితం ముందేసుకున్నాను. "ఆమె చనిపోయిందని నేను" అన్నంత వరకూ రాసి, తరవాతి మాట దగ్గర ఆగిపోయాను. ఎంతసేపు ఆగానో తెలీదు. కింద లగేజీ ఆటోలోకి సామాను ఎక్కిస్తున్న చప్పుడైంది.

ఆ కాగితం పట్టుకునే కిందికి దిగాను. మిషను అప్పటికే ఎక్కించేశారు. కుట్టాల్సిన బట్టలు, ఎవరివి వాళ్ళకి మూటలు కట్టి, ఇంటి యజమాని అరుగు మీద వరసగా పెట్టి ఉన్నాయి. పై మూట నాది. పొరుగూరి నుంచి వచ్చిన వాళ్ళ అక్క డ్రైవరు పక్కన ఎక్కింది. బొత్తాలక్క ఆటో వెనక భాగంలో, మిషను పక్కన, చేత్తో తడుముకుని అంచు చూసుకుని కూర్చుంది.

"అమ్మా" అన్నాను.

అక్క తల తిప్పి నన్నూ, నా చేతిలో కాగితాన్నీ చూసింది. ఆమె తిప్పలేదు. మిషను చక్రం తిరగకుండా అరచేత్తో నొక్కిపట్టి, "పోనివ్వు బాబూ" అంది డ్రైవరుతో.