మూసేయడానికి వీల్లేని సర్వీసు

మా ఆసుపత్రిలో కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి మనిషికీ ఒక జబ్బు ఉండేది. తెర మీద నల్ల పెట్టె కనబడితే చెయ్యి ఊరుకోదు, మూలనున్న ఇంటూ గుర్తు నొక్కేస్తారు. రాత్రి డ్యూటీ నర్సు నొక్కింది. మందుల స్టోరు చూసే ఆయన నొక్కాడు. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు పాటల కాగితం ప్రింటు తీసుకుంటూ, "ఏందమ్మా, వైరస్ పట్టినట్టుంది, తీసేసిన" అని నాకేదో ఉపకారం చేసినట్టు చెప్పాడు.

ఆ నల్ల పెట్టెలోనే మా వీపీఎన్ నడిచేది. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న చిన్న మిషన్ ఆసుపత్రి మాది. ఎవరో దానమిచ్చిన పాత సీటీ స్కాన్ మిషను ఉంది గానీ, ఆ బొమ్మలు చదివే డాక్టరు లేడు. ఆయన ఖమ్మంలో ఉంటాడు. ఇక్కడ తీసిన బొమ్మలు మరొకరి కంట పడకుండా ఆయన కంప్యూటరుకు చేరడానికి నెట్‌లో వేసుకున్న సొంత దారి అది. పెట్టె మూస్తే దారి మూసుకుపోతుంది. బొమ్మలు మా దగ్గరే పడి ఉంటాయి. ఆయన అక్కడ ఖాళీ తెర చూసి విసిగి, ఫోన్ చేసి నా మీద అరుస్తాడు. కంప్యూటర్ ఆపరేటర్ని నేనే కదా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ముట్టుకోవద్దు" అని రాసి తెరకు కాగితం అంటించాను. ఎవరో దాన్ని పీకి మిర్చి బజ్జీల నూనె తుడుచుకున్నారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టాక, ఒక ఆదివారం అందరూ చర్చికి పోయినప్పుడు కూర్చుని దాన్ని బ్యాక్‌గ్రౌండ్ సర్వీసుగా మార్చేశాను. ఇక పెట్టె ఉండదు, ఇంటూ గుర్తూ ఉండదు. కరెంటు రాగానే కంప్యూటరు దానంతటదే లేచేట్టు, పాస్‌వర్డ్ కొట్టే మనిషి లేకపోయినా సర్వీసు మొదలయ్యేట్టు, మధ్యలో తెగితే మళ్లీ అందుకుని మిగిలిన బొమ్మలు పంపేట్టు పెట్టాను. కనబడని దాన్ని ఎవడు మూస్తాడో చూద్దామనుకున్నాను.

అవి ఇప్పపువ్వు రాలే రోజులు. పొద్దున్నే ఒక జీపు గేటును గుద్దినంత పని చేసి లోపలికి వచ్చింది. తోలినవాడు దిగి, వెనక సీటులోంచి ఒక మనిషిని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరి చొక్కాలూ రక్తంతో తడిసి ఉన్నాయి.

"నా తమ్ముడు," అన్నాడు.

దెబ్బ ఎట్లా తగిలిందని నర్సు అడిగింది.

"నేనే కొట్టిన."

వాళ్ల పొలాల మధ్య గట్టు మీద ఇప్పచెట్టు ఉందట. అమ్ముకునే ఆ పువ్వు గట్టుకు రెండు పక్కలా రాలుతుంది. తమ్ముడి భార్య ఏరుకుంటుంటే అన్న ఆమె గంపను తన్నాడు. తమ్ముడు కర్ర ఎత్తాడు. అన్న గొడ్డలి తిరగేసి తల మీద ఒక్కటి వేశాడు. గుప్పెడు పువ్వు కోసం. అది వింటుంటే వాణ్ని నేనే తన్నాలనిపించింది.

తల లోపల రక్తం కారుతోందేమోనని మా డాక్టరమ్మ స్కాన్ తీయించింది. తల ఆపరేషన్ ఖమ్మంలోనే చేస్తారు. ఖమ్మం డాక్టరు బొమ్మలు చూసి అవునంటే తప్ప వాళ్లు థియేటరు సిద్ధం చేయరు. ఏ సంగతీ తెలియకుండా అంత దూరం తిప్పితే దారిలోనే పోతాడని ఆమె భయం. నేను బొమ్మలు పంపడం మొదలుపెట్టాను. అన్నను నా గదిలోనే ఒక మూల కూర్చోమన్నాను. వాడు గోడకు తల ఆనించి, తెర వంక చూస్తూ, "పోతున్నయా?" అని అడుగుతూ ఉన్నాడు.

అప్పుడు ట్రాక్టరు వచ్చింది. తమ్ముడి భార్య, ఆమె అన్నదమ్ములు, వెనక ఊళ్లో సగం మంది. ముందు జీపు అద్దాలు పగిలాయి. తర్వాత టైర్లు కోశారు. మా అంబులెన్సు మీద ఒక రాయి పడగానే దాని డ్రైవరు గోడ దూకి పోయాడు. ఆ సంగతి అడిగితే ఇప్పటికీ ఒంటికి పోయానంటాడు. అత్త మీద కోపం దుత్త మీద తీసినట్టు మా మందుల కిటికీ, కుర్చీలు, గోడ మీది క్యాలెండరు కూడా పోయాయి. "వాడేడి?" అని అందరిదీ ఒకటే మాట.

ఎవడో కరెంటు మెయిన్ లాగేశాడు. నా యూపీఎస్ ముసలిది, ఒక్కసారి కూసి ఊరుకుంది. తెర నల్లబడింది. అప్పటికి బొమ్మలు సగమే పోయాయి.

తలుపు మీద తన్నులు పడ్డాయి. గడియ ఊడి వచ్చింది. ఒకడు అన్న కాలు పట్టి ఈడ్చుకుపోయాడు. అడ్డం వెళ్లిన నన్ను ఇంకొకడు జడ పట్టుకుని వరండాలోకి గుంజాడు. నేను వాడి చెయ్యి కొరికాను. బెదిరించడానికి కాదు, నోట్లో రక్తం ఉప్పగా తగిలేదాకా కొరికాను. "మీ బావ తల బొమ్మలే రా అవి, నన్ను పంపనియ్యి," అన్నాను. వాడు నా చెంప పగలగొట్టాడు. కుడి చెవిలో గుయ్యిమంది, ఆ పక్క ఇంకేమీ వినబడలేదు.

వాకిట్లో అన్నను కొడుతున్నారు. కర్ర కండ మీద పడితే ఒక చప్పుడు, ఎముక మీద పడితే ఇంకో చప్పుడు. వాడు తల కప్పుకుని పడున్నాడు, వద్దని ఒక్క మాటా అనలేదు. నాకు జాలి కలగలేదు. నా ప్రాణమంతా లోపల మంచం మీద ఉన్నవాడి దగ్గరే ఉంది. గదిలోకి పోదామంటే గుమ్మంలో ఇద్దరు కర్రలు అడ్డం పెట్టి నిలబడ్డారు.

మెయిన్ మళ్లీ వేసింది మా వంటావిడ. మిక్సీలో పచ్చడి సగంలో ఆగిందట. ఈ గొడవ తనకు పట్టనట్టు వచ్చి, స్విచ్చు పైకి లేపి, తిట్టుకుంటూ పోయింది. నా గదిలో మనిషి లేడు. కుర్చీ తలకిందులైంది, కీబోర్డు నేల మీద ముక్కలై పడి ఉంది. నేను వరండాలో చెంప పట్టుకుని కూర్చుని, ఆ డొక్కు కంప్యూటరు లేచిందో లేదోనని మిగిలిన చెవితో వింటున్నాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు సన్నగా వచ్చింది. లోపల సర్వీసు లేచిందా, దారి కలిసిందా అన్నది మాత్రం వినబడేది కాదు.

కాసేపటికి డాక్టరమ్మ ఫోను మోగింది. ఖమ్మం డాక్టరు. ఆమె స్పీకరు పెట్టి మెట్ల మీదికి వచ్చి నిలబడింది.

"బొమ్మలన్నీ వచ్చాయి. ఎముక కింద రక్తం గడ్డ కడుతోంది. నేను థియేటరు సిద్ధం చేయిస్తున్నా, ఇంజెక్షన్ వేసి వెంటనే బయల్దేరండి. ఆలస్యమైతే బతకడు."

నాకు ఏడుపొచ్చింది. భయం సగం, గర్వం సగం.

బతకడు అన్న మాట వాకిట్లో అందరికీ వినబడింది. కర్రలు ఆగాయి. అంబులెన్సుకు అద్దమే పగిలింది గానీ, దాన్ని తోలేవాడు లేడు. ట్రాక్టరు తోలినవాడు తన వల్ల కాదని తల అడ్డంగా ఊపాడు. నేల మీద పడున్న అన్న లేచి కూర్చుని, రక్తం ఉమ్మి, "నేను తోల్త," అన్నాడు. రోజూ మిర్చి బస్తాలు ఖమ్మం తోలేవాడు వాడే. తమ్ముడి భార్య పెద్దన్న మళ్లీ కర్ర ఎత్తాడు.

ఆమె అంతవరకు ఒక దెబ్బ కూడా వేయలేదు. ఇప్పుడు కర్రకు అడ్డం వచ్చింది.

"తోలనియ్యన్నా."

"పిచ్చి లేసిందా? దార్ల సంపుతడు."

"మా ఆయన సస్తే జైలుకు పోయేది వాడే. మనందరికంటె వాడే జల్దీ తోల్తడు."

పెద్దన్న కర్ర కింద పడేశాడు.

ఆక్సిజన్ పట్టుకోవడానికి నర్సు, నర్సుకు తోడు నేను ఎక్కాం. పగిలిన అద్దంలోంచి వేడిగాలి మొహాన కొడుతోంది. కొత్తగూడెం బజారులో కూడా వాడు బండి నెమ్మది చేయలేదు. వాడి ఎడమ చెయ్యి విరిగిందని అక్కడ చూశాను. గేరు మార్చేటప్పుడు మోకాలితో స్టీరింగు ఆపుకుని మూలిగేవాడు. తమ్ముడి భార్య మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, దారి పొడుగునా బండి తోలుతున్నవాడి మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేను.

ఖమ్మంలో స్ట్రెచరు థియేటరు లోపలికి పోయింది. బయట బెంచీకి ఒక చివర ఆమె, ఇంకో చివర వాడు. చెయ్యి చూపించుకోమంటే వాడు వినలేదు. ఆమె వాడిని చూస్తూనే ఉంది.

"నన్ను కొట్టరాదూ పిల్లా," అన్నాడు చివరికి. "ఊకె గట్ల చూడకు. కొట్టు."

"ఆగు బావా," అంది ఆమె. "నువ్వు కొట్టినోనివా, సంపినోనివా, నాకింకా తెల్వలె."

సాయంత్రానికి ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికి వచ్చి బతుకుతాడని చెప్పాడు. ఆమె నమ్మక మళ్లీ అడిగింది. ఆయన మళ్లీ అదే చెప్పాడు. ఆయనకు దండం పెట్టింది. కొంగు నడుముకు దోపుకుని, కాలి చెప్పు తీసి, బెంచీ అవతలి చివరికి నడిచింది. వాడు లేచి, మంచి చెయ్యి కూడా కిందికి వదిలేసి నిలబడ్డాడు.

మొదటి దెబ్బ చప్పుడుకే సెక్యూరిటీ ఆయన పరుగెత్తుకొచ్చాడు. నేను లేచి ఆయనకు అడ్డంగా నిలబడ్డాను.

"ఆగన్నా," అన్నాను. "ఆమె పొద్దుగాల్నుంచి ఆగింది."