శాలువా కింద బేరం

మొన్న ఆదోనిలో నాకు సన్మానం అయ్యింది కదా. స్టేటస్‌లో చూసి మీరంతా దండాలు, పూలు, చప్పట్లు పెట్టినారు. సంతోషం. ఆ ఫోటోలో నేనూ, నన్ను సన్మానించిన భీమన్నా ఒకే శాలువా పట్టుకొని కెమెరా తట్టు చూసి నవ్వుతా ఉంటాం. మీరు ఆ నవ్వే చూసినారు. శాలువా కింద ఏం జరిగిందో మీకు కనపడలేదు. మా నాయనకు మాత్రం చివరి వరసలో నుంచే కనపడింది. అందుకే ఇప్పుడు ఇంట్లో ఆయన తిని లేచినాక గాని నాకు సంగటి దొరకడం లేదు.

టీ చెప్పండి, మొదట్నుంచీ చెప్తా.

ఎమ్మిగనూరులో నాది సెల్‌ఫోన్ రిపేరు అంగడి. మా నాయనది ఎద్దుల బేరం. మస్తానూ, నువ్వు టౌన్‌లో పుట్టి పెరిగినోడివి, నీకోసం ఈ ముక్క వివరంగా చెప్తా. సంతలో ఎద్దు ధర ఎవరూ నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుకుంటారు. బేరమంతా లోపల వేళ్లతోనే. ఏ వేలు పట్టుకుంటే ఎంత, మడిస్తే ఎంత అని ఒక లెక్క ఉంటుంది. అరచెయ్యి గట్టిగా నొక్కితే ఒప్పుకున్నట్టు. నొక్కినాక వెనక్కి పోయేది లేదు. ఇదంతా నడుస్తున్నంత సేపూ మొహంలో ఏమీ తెలియనియ్యకూడదు, నోరు వానల గురించి మాట్లాడతా ఉండాల. చుట్టూ ఉన్నోళ్లకు ధర తెలిసిపోతే తర్వాతి బేరం చెడుతుందని ఈ పద్ధతి. నేను నడక నేర్చినాక నేర్చుకున్న రెండో విద్య ఇదే.

అట్లాంటోణ్ణి నేనేం చేసినా? పగిలిపోయిన స్క్రీన్లు మార్చీ మార్చీ తెలివి ఎక్కువై, ఎద్దులు అమ్ముకునేదానికి ఒక యాప్ తయారు చేసినా. ఎద్దు ఫోటో, పళ్లు, ఎత్తు, నడిచే వీడియో, ధర, అన్నీ అందరికీ కనపడేట్టు. తువ్వాల లేదు, మధ్యలో దళారీ లేడు. మా నాయనకు చూపించినా. చానా సేపు చూసి, "అయితే ఇందులో నేను లేను" అన్నాడు. అది మెచ్చుకోలు కాదని నాకు రెండు రోజులు పోయినాక గాని ఎక్కలేదు.

అంతలో ఆదోని నుంచి ఫోను. ఫంక్షన్ హాల్లో ఒక సభ పెడుతున్నారంట. మన తట్టు కొత్తవి కనిపెట్టినోళ్లూ, పెద్దమనుషులూ స్టేజీ ఎక్కి ఐడియాలు పంచుకోవాలంట. మనిషికి పది నిమిషాలు. నడిపించే శ్రీలత మేడం హైదరాబాదు నుంచి వచ్చి నాకు ట్రైనింగ్ ఇచ్చింది. స్టేజీ మీద గుండ్రంగా ఎర్ర కార్పెట్ ఉంటుందంట, అది దాటకూడదంట. పేపరు చూడకూడదంట.

"ఉరుకుందు గారూ, మీ స్టోరీ చాలా బాగుంది. కానీ మీరు చేతులు కట్టుకొని నిలబడుతున్నారు. హ్యాండ్స్ ఓపెన్‌గా ఉండాలి. మీ చేతులు మాట్లాడాలి" అనింది.

"మాట్లాడతాయి మేడం, చిన్నప్పట్నుంచీ అలవాటే" అన్నా. ఆ మాట ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

డెమోకు నిజం ఎద్దు ఉంటే ఇంకా బాగుంటుందని కూడా ఆమే అనింది. మా ఇంట్లో ఉండేది ఒకే జత. మైలోడు, పుల్లోడు. పుల్లోణ్ణి మీరు చూసినారు కదా, ఆ మూపురం, ఆ నడక. పిలిస్తే తల తిప్పి చూస్తాడు. తొలకరి దగ్గరికొచ్చింది. దున్నేది ట్రాక్టరే గాని, పత్తి సాళ్ల మధ్య కలుపు పోయేట్టు గుంటక తోలాలంటే జత ఎద్దులు ఉండాల్సిందే. నాయన ససేమిరా అన్నాడు. నేను కాళ్లావేళ్లా పడినా. ఆఖరికి, "నేనూ వస్తా. పొద్దు మునిగేలోగా పుల్లోడు కొట్టంలో ఉండాల. మాటియ్యి" అన్నాడు. చేతిలో చెయ్యేసి మాటిచ్చినా. యాప్‌లో శాంపిల్ ధర ఏదైనా పెడతానంటే దానికీ ఒప్పుకోలేదు. అమ్మని ఎద్దుకు ధర కడితే దిష్టి తగులుతుందంట. అందుకని ధర గడి ఖాళీగా వదిలేసి, మినీ లారీలో పుల్లోణ్ణి ఎక్కించుకొని ఆదోనికి పోయినాం.

హాలు ముందర పుల్లోణ్ణి కట్టేసినాం. వచ్చినోళ్లంతా సెల్ఫీలు దిగుతున్నారు. అప్పుడే భీమన్న కారు దిగినాడు. కోడుమూరు తట్టు పెద్దమనిషి. ఒకప్పుడు ఆయనా సంతల్లో ఎద్దులు కొని అమ్మినోడే. మా నాయనకు స్నేహితుడూ ఆయనే, పోటీ కూడా ఆయనే. ఇప్పుడు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, వెనకాల ఒక గుంపు, ఏ సభకు పోయినా ముందు వరసలో కుర్చీ. లోపలికి పోవాల్సినోడు పుల్లోడి చుట్టూ తిరిగినాడు. నోరు తెరిచి పళ్లు చూసినాడు. మూపురం మీద చెయ్యేసి ఒత్తినాడు. బండలాగుడు పోటీలకు ఆయన మేపుతున్న ఎద్దుకు జత సరిపోవడం లేదని మా తట్టంతా తెలుసు.

"అమ్ముతావా?" అని మా నాయనను అడిగినాడు.

"అమ్మేది కాదు" అన్నాడు నాయన.

"సరేలే" అని లోపలికి పోయినాడు. అంత తొందరగా సరేలే అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

సభ మొదలైంది. దీపం వెలిగించేదానికే ఒక గంట పట్టింది, ఎందుకంటే ఒక్కో ఒత్తికి ఒక్కో పెద్దమనిషి, ఒక్కో పెద్దమనిషికి ఒక్కో ఫోటో. తర్వాత పెద్దలు తలా రెండు మాటలు. తక్కువ మాట్లాడి ఎక్కువ పని చేయాలని ఒకాయన చెప్పినాడు చూడండి, ఆయన ఆపేసరికి నా ఫోను చార్జింగ్ సగానికి దిగిపోయింది. పెద్దలు మింగిన టైమంతా కనిపెట్టినోళ్ల టైములో కోసినారు. కృష్ణగిరి నుంచి శనక్కాయ పొట్టుతో మండే పొయ్యి చేసుకొచ్చినాడు ఒకాయన, పాపం. ఆయన అందరికీ పేరుపేరునా నమస్కారాలు చెప్పేసరికి బెల్లు కొట్టినారు. పొయ్యి అంటించకుండానే సంకలో పెట్టుకొని దిగిపోయినాడు. నేను నవ్వినా. నాకేం తెలుసు, ఆయనే నయం, తెచ్చుకున్న పొయ్యిని ఇంటికి తీసుకుపోయినాడు.

భీమన్న మాట్లాడింది పారదర్శకత గురించి. "సమాజంలో ఏదైనా సరే పదిమంది ముందర, బాహాటంగా జరగాల" అన్నాడు. చప్పట్లు. నా యాప్‌ను వాళ్ల తట్టు ఊళ్లన్నిటికీ తానే పరిచయం చేస్తానని మైకులోనే ప్రకటించినాడు. నాకు భూమ్మీద కాళ్లు ఆనలేదు.

నా వంతు వచ్చింది. చొక్కాకు చిన్న మైకు తగిలించినారు. ఎర్ర కార్పెట్ మీద నిలబడి చేతులు రెండూ బార్లా చాపి అదరగొట్టేసినా. "తువ్వాల కింద చీకటి బేరాలు ఇంకెన్నాళ్లు? రైతు ఎద్దు ధర వెలుగులోకి రావాల్నా వద్దా?" అని అడిగినా. ముందు వరసల వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టినారు. వెనక వరసల్లో పల్లెల నుంచి వచ్చినోళ్లు, మా నాయనతో సహా, భుజం మీది తువ్వాల సర్దుకున్నారు.

అప్పుడు సన్మానం. భీమన్న శాలువా కప్పినాడు. ఫోటోగ్రాఫరు, "సార్, శాలువా కొస మీరు కూడా పట్టుకోండి. అట్లే షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి, నిండుగా వస్తుంది" అన్నాడు. భీమన్న నా చెయ్యి పట్టుకున్నాడు. శాలువా కొస జారి మా చేతుల మీద పడింది.

"మీ తట్టు వానలెట్లుండాయప్పా?" అన్నాడు భీమన్న, కెమెరాను చూసి నవ్వుతా.

"పర్వాలేదన్నా, ఒక పదును పడింది" అన్నా నేను కూడా నవ్వుతా.

అన్నాక తెలిసింది, నా వేళ్లు ఆయన చేతిలో ఉన్నాయని. పట్టుకోవడం మామూలు పట్టుకోవడం కాదు. ధర చెప్తున్నాడు.

చెయ్యి లాక్కోవచ్చు కదా అంటారు. నేనూ అదే అనుకున్నా. కానీ ఆయన చెప్పిన ధర ఎంత తక్కువో మీకు తెలియదు. పుల్లోణ్ణి అంత చులకన చేస్తాడా అని నాకు రోషం పొడుచుకొచ్చింది. అమ్మే ఉద్దేశం లేదు సామీ, అవమానానికి జవాబు చెప్పాల కదా. ఒక వేలు పెంచినా. ఆయన ఇంకోటి మడిచినాడు.

"పత్తి ఇత్తనాలు తెచ్చుకొంటిరా?" అన్నాడు.

"తేవాలన్నా."

మైకు నా చొక్కాకే ఉంది. మేము చెప్పుకుంటున్న వానలు, విత్తనాలు, మధ్యలో చేతులు పనిచేసేటప్పుడు వచ్చే మౌనం, అన్నీ హాలంతా వినపడుతున్నాయి. శ్రీలత మేడం పక్కనే నిలబడి, "చూడండి, స్టేజీ మీద కూడా వ్యవసాయం గురించే ఆలోచన" అని మురిసిపోతాంది. ముందు వరసలు మళ్లీ చప్పట్లు. వెనక వరసలు మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దం. వాళ్లు నా మొహం చూడడం లేదు, శాలువా కదలికనే చూస్తున్నారు. ఒకాయన పక్కాయన తొడ గిల్లడం నాకు స్టేజీ మీద నుంచి కనపడింది.

ఈయన్ను వదిలించుకోవాలంటే ఒకటే దారి అనుకున్నా. ఎవరూ ఒప్పుకోని ధర చెప్తే ఆయనే చెయ్యి వదిలేస్తాడు కదా. చెప్పినా. మన తట్టు ఏ ఎద్దుకూ ఎవరూ అడగని ధర చెప్పినా.

భీమన్న నొక్కినాడు.

"సూపర్ సార్, వచ్చేసింది" అన్నాడు ఫోటోగ్రాఫరు. మీరు చప్పట్లు పెట్టిన ఫోటో అదే. కొంచెం పెద్దది చేసి నా కళ్లు చూడండి.

హాలు చివర మా నాయన లేచి నిలబడినాడు.

నేను స్టేజీ దిగి పరిగెత్తేసరికి భీమన్న మనిషి పుల్లోడి పగ్గం విప్పుతున్నాడు. భీమన్న వెనకే వచ్చినాడు.

"అన్నా, నేనేదో ఊరికే..." అని నసిగినా.

"నువ్వడిగితివి, నేను నొక్కితిని. ఊరికే ఎట్లయితాదప్పా? ఇంతమంది ముందర అయిన బేరం" అన్నాడు.

"ఎవరూ చూడలేదు కదన్నా."

"అది కదా బేరమంటే" అన్నాడు. గంట ముందు పారదర్శకత గురించి మాట్లాడినాయన.

నాయన వచ్చినాడు. ఆయన అడ్డం తిరుగుతాడని, కొడుకు పిల్లతనంతో చేసినాడని చెప్పి విడిపిస్తాడని నా ఆశ. ఆయన నా తట్టు చూడనే లేదు. భుజం మీది తువ్వాలతో పుల్లోడి కళ్ల కింద తుడిచినాడు. మెడ కింద గోకినాడు. పగ్గం తానే తీసుకొని భీమన్న చేతిలో పెట్టినాడు.

"మావోడు మాటిచ్చినాడు. తోలుకొని పో" అన్నాడు.

పొద్దు మునిగేలోగా పుల్లోణ్ణి కొట్టంలో కట్టేస్తానని ఆయనకు నేనిచ్చిన మాట గురించి ఒక్క ముక్క అనలేదు. తిట్టింటే బాగుండు. నాకు ఏడుపొచ్చింది, నిజం చెప్తాండా. పుల్లోడు భీమన్న పిలిపించిన లారీ ఎక్కుతా తల తిప్పి చూసినాడు. అప్పుడే శ్రీలత మేడం వచ్చి, బహిరంగ వ్యాపారంలో నా కృషికి అని రాసిన సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి, "మీ చేతులు ఎంత బాగా మాట్లాడాయో" అనింది.

ఇంటికొచ్చినాం. పొద్దు మునిగింది. కొట్టంలో ఒక గుంజ ఖాళీ. మైలోడు చొప్ప ముట్టలేదు, గేటు వైపు చూసి అరుస్తానే ఉన్నాడు. మా ఆడామె, "సన్మానానికి పోయి ఎద్దును పోగొట్టుకొచ్చినోణ్ణి ఇప్పుడే చూస్తాండా" అని సర్టిఫికెట్ తీసుకుపోయి పిండి డబ్బా మీద మూతగా పెట్టింది.

నాయన తిని, చెయ్యి కడుక్కొని, నా ఎదురుగా కూర్చున్నాడు. నా చెయ్యి పట్టుకొని మీద తువ్వాల కప్పినాడు. ఇంట్లో మేం తప్ప ఎవరూ లేరు, అయినా కప్పినాడు. నేను వేళ్లతో ధర చెప్పినా. ఆయన మొహంలో ఏమీ కదలలేదు. కొంచెం సేపయినాక చెయ్యి వదిలి, "భీమన్న మొహం సూసింటే నేనయితే ఇంకా పెంచేవోణ్ణి" అని లేచిపోయినాడు. అదొక్కటే మాట.

మైలోడికి జత వెతకాల కదా అని నా యాప్ తెరిచినా. అందులో ఉండేది ఒకే ఒక ఎద్దు. పుల్లోడే. డెమో కోసం నేనే పెట్టినా కదా. తీసేద్దామని అమ్మేసినట్టు నొక్కితే, అమ్మిన ధర రాయమంటుంది. ధర రాయకపోతే అది అక్కడ్నుంచి కదలదు. పారదర్శకత కోసం నేనే గట్టిగా బిగించి పెట్టినా. ధర బయటపెడితే కాళ్లిరగ్గొడతానని నాయన, బయటపెట్టొద్దని ఫోన్ చేసి భీమన్న. పుల్లోడు ఇంకా అట్లే ఉన్నాడు అందులో. ఎద్దు అమ్ముతారా అని రోజుకొకరు ఫోను.

నిన్న సంతకు నాయనతో నేనూ పోయినా. ఆయన భుజం మీద ఏదో కొత్తగా మెరుస్తాంటే ఏందా అని చూసినా. నాకు కప్పిన శాలువా. తువ్వాల కన్నా వెడల్పంట, మోచేతుల దాకా కనపడదంట. దాని కిందే మైలోడికి జత కుదిర్చినాడు. బేరం చేసింది ఆయన, వానల గురించి మాట్లాడింది నేను.

ఏం మస్తానూ, అంతసేపు విని ఇప్పుడడుగుతావా, పుల్లోణ్ణి ఎంతకిచ్చినావని? నోటితో ఎట్లా చెప్తారప్పా. ఆ టీ గ్లాసు పక్కన పెట్టు. నీ భుజం మీది తువ్వాల ఇట్లియ్యి, చెయ్యి తే.