మలక్‌పేట పేరున్న మెషిన్

మా సార్ పోయారు. మంగళవారం పొద్దున, తుర్కయంజాల్‌లో సొంతింట్లోనే, టీ తాగుతూ తాగుతూ పక్కకు ఒరిగిపోయారట. నాకు మెయిన్‌ఫ్రేమ్ పని నేర్పింది ఆయనే. బ్యాంకుల లావాదేవీలు నడిపే ఆ పెద్ద కంప్యూటర్లకు పేరు పెట్టాల్సి వస్తే ఆయన పట్టుదల చూడాలి! బారసాలలో మేనత్తలు కూడా అంత పట్టుబట్టరు.

"మారేదేదీ పేరుల పెట్టొద్దురా," అనేవారు దిల్‌సుఖ్‌నగర్‌లో నిలబడి మిర్చి బజ్జీ తింటూ. "జాగ మారతది, సాబ్ మారతడు. ఉత్త నంబరియ్యి, సాలు." ఇంటి గేటు మీద కూడా ప్లాట్ నంబరే రాయించారు. "రేపు ఇల్లు కిరాయికిస్తే పేరు గీక్కుంట కూసోవాల్నా?" అని నవ్వేవారు.

మా డైరెక్టర్‌కు మాత్రం ఊళ్ల పేర్లంటే ముచ్చట. ఒక మెషిన్‌కు మలక్‌పేట అని, ఇంకోదానికి ఎల్‌బీ నగర్ అని పెట్టించాడు. మన్నించండి, ఆ మనిషికి మర్యాద ఇచ్చి రాయడం నా చేత కావడం లేదు. తర్వాత మలక్‌పేట ఆఫీసు ఎత్తేసి ఆ మెషిన్‌నూ ఎల్‌బీ నగర్‌కే తెచ్చారు. పేరు మార్చమని సార్ ఎన్నిసార్లు అడిగినా, "మీకు వేరే పనేం లేదా?" అన్నాడు. ఏడాది తిరక్కముందే, ఆ డైరెక్టరే స్క్రీన్ మీద ఆ పేరు చూసి, "మలక్‌పేట మూసేశాంగా, ఇదింకా ఎందుకు?" అని దాన్ని ఆపించాడు. సార్ ఆ రోజు సెలవులో ఉన్నారు. బ్యాంకు పని సాయంత్రం దాకా నిలిచిపోయింది.

పేరు మార్పించని నేరం మాత్రం సార్ నెత్తిన రుద్దారు. రాజీనామా రాయించుకున్నారు. "పోనియ్ రా," అన్నారు సార్. కానీ మళ్లీ ఏ ఆఫీసు మెట్లూ ఎక్కలేదు.

పదో రోజున డైరెక్టర్ పెద్ద దండ పట్టుకుని వచ్చాడు. "ఇల్లు ఓ పట్టాన దొరకలేదండీ, గేటు మీద పేరైనా లేదు," అంటూ చెమట తుడుచుకున్నాడు. ఫొటోకు దండ వేసి, అందరికీ వినపడేలా సార్ భార్యతో అన్నాడు: "కొత్త మెయిన్‌ఫ్రేమ్ వస్తోందమ్మా. దానికి సార్ పేరే పెడుతున్నాం."

ఆమె ఫొటో మీది దండ సరిచేసింది.

"ఒద్దు సారూ," అంది. "రేపది ఆగితే మల్ల ఆయన్నే అంటరు."

డైరెక్టర్ బయటికి నడిచాడు. నేను వెళ్లి చూసేసరికి గేటు దగ్గర నిలబడి, కారు తెమ్మని డ్రైవర్‌కు ఫోన్ చేస్తున్నాడు. సార్ రాయించిన ఆ ప్లాట్ నంబరునే, వంగి, ఒక్కొక్క అంకె చదివి చెబుతున్నాడు.