ఓబుళమ్మ వేళ్లు కదిలిన మర్నాడు

మా ఆడబిడ్డ ఓబుళమ్మ ఆళ్లగడ్డలో బట్టలు కుట్టేది. పెళ్లయి నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నాకు తోడు తనే. ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం ఉదయం మిషను తొక్కుతూ ఆగిపోయింది.

"వదినా, కాళ్లు తిమ్మిరెక్కినాయి. తొక్కుతాంటే బలం చాల్తాలేదు" అంది.

"పొద్దస్తమానం కూర్చుంటే ఎక్కవా? లేసి నాలుగడుగులు నడువు" అన్నాను.

లేచింది. గడప దాటకముందే మోకాళ్లు మడతపడి కూలబడింది. ఇద్దరం నవ్వుకున్నాం.

మర్నాడు నిలబడలేకపోయింది. సాయంత్రానికి గ్లాసు పట్టుకోలేకపోయింది. మా ఆయన జీపు మాట్లాడి నంద్యాల తీసుకుపోయాడు. డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు. కాలు కదల్లేదు. ఈమధ్య జ్వరం గానీ విరేచనాలు గానీ వచ్చాయా అని అడిగాడు. పది రోజుల కింద విరేచనాలు అయ్యాయి, తగ్గిపోయాయి కూడా.

"జీబీ సిండ్రోమ్ లాగుంది. నరాల జబ్బు, చానా అరుదు. కాళ్లలో మొదలై పైకి పాకుతుంది. ఊపిరి దాకా వస్తే కష్టం. ఈడ వెంటిలేటర్ లేదు. ఇప్పుడే కర్నూలు పోండి" అన్నాడు.

"విరేచనాలకు కాళ్లు పడిపోతాయా సార్?" మా ఆయన అడిగిందే అడిగాడు.

కర్నూలులో వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. అదే జబ్బన్నారు. అంతలోనే ఆమె గొంతు సన్నగిల్లింది. ట్రకియాస్టమీ అని గొంతుకు రంధ్రం చేసి, గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టారు. తెలివిలోనే ఉంది. కళ్లు మాత్రమే కదిలేవి. అవునంటే రెప్ప వేసేది. మా చుట్టం ఒకాయన మంచం పక్కనే నిలబడి "ఇంగ యాడ బతుకుతాదప్పా" అన్నాడు. ఆమె కంటికొస నుంచి నీళ్లు కారాయి. ఆయన్ని మళ్లీ లోపలికి రానివ్వలేదు.

కొన్ని వారాలకు కుడిచేతి వేళ్లు కదిలాయి. డాక్టరమ్మ ముఖం విప్పారింది. "నరాలు కోలుకుంటున్నాయి. చాలామంది ఇలాగే మెల్లగా లేచి నడుస్తారు" అంది.

"ఇంటికి పోతానే జొన్నరొట్టె చేసి పెడ్తా, తింటావా?" అన్నాను. రెప్ప వేసింది.

మర్నాడు నేను ఆమెకు జడ అల్లుతున్నాను. పాయలు నా చేతుల్లో ఉండగానే ఆమె ముఖం పాలిపోయింది. నర్సు నన్ను పక్కకు తోసి కేకేసింది. డాక్టరమ్మ పరుగున వచ్చి గుండె మీద నొక్కింది, నొక్కింది. చివరికి చేతులు తీసేసింది.

"గుండెను నడిపే నరాలను కూడా ఈ జబ్బు పట్టుకుంటుందమ్మా. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోతుంది" అంది.

"వేళ్లు కదిలినాయి కదమ్మా" అన్నాను. ఇంటికి తిరిగొచ్చే దారి పొడుగునా అదే అంటూ ఉన్నానట. నాకు గుర్తులేదు.

మరుసటేడు మా వీధి పెద్దాయనొకరు "పాదాలు తిమ్మిరి, మెట్లెక్కలేకపోతాండా" అన్నాడు. ఆయన కొడుకును నిలబెట్టి జబ్బు సంగతి చెప్పి, అప్పటికప్పుడే ఇద్దరినీ కర్నూలు ఆసుపత్రికి పంపించాను. నెలల తర్వాత ఆయన కర్ర పట్టుకుని నడిచి మా ఇంటికొచ్చాడు. "నువ్వు తరిమినందుకే బతికినానమ్మా" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపాను. తలుపేసుకుని ఏడ్చాను. ఆయన బతికినందుకు సంతోషమే. అయినా ఆ కాళ్లకేసి చూడలేకపోయాను.

ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాం. ఇప్పటికీ ఎవరి జడా అల్లలేను. చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. పాదాల తిమ్మిరి గంటగంటకూ పైకి పాకుతూ కాళ్లలో బలం తగ్గుతుంటే పసర్లు, తాయెత్తులు అంటూ కాలయాపన చేయొద్దు. వెంటిలేటర్ ఎక్కడుందో కనుక్కుని, మనిషికి మాట ఉండగానే అక్కడికి చేర్చండి.