నెల రోజుల అబద్ధం

మొన్న మా అమ్మాయి ఫోన్లో రిపోర్టు తెరిచి, పుట్టబోయే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే అవకాశం ఎక్కువని రక్తపరీక్షలో వచ్చిందని చెప్పినప్పుడు, తల్లిగా దగ్గరికి తీసుకోవలసిందిపోయి, తేదీ సరిగ్గా చెప్పినవా బిడ్డా అని అడిగాను. అది విసుక్కుని, "ఇప్పుడు తేదీ ఎవరడుగుతున్నరమ్మా, స్కానింగుల బిడ్డ పొడవు చూసి వాళ్లే లెక్క కడుతరు" అంది. ఆ ప్రశ్న నా నోటి నుంచి ఎందుకు ఊడిపడిందో దానికి తెలియదు. తెలిసినవాళ్లలో మా అమ్మ, మా అత్త ఇద్దరూ పోయారు. మిగిలింది మా ఆయన, ఆ ఊసెత్తితే ఇప్పటికీ లేచి బయటికి వెళ్తారు.

నాది నందిపేట దగ్గర పసుపు పండించే ఇల్లు, నన్నిచ్చింది బోధన్ దగ్గర చెరుకు వేసే ఇంటికి. పెళ్లైన ఏడు ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లోనే ఉండాలని, ఆ నెల అల్లుడు అటువైపు కన్నెత్తి చూడకూడదని మా ఈడు వాళ్లకు నేను చెప్పక్కరలేదు. అందరికీ అది ఆచారం, మా అత్తకు మాత్రం అది భయం. ఎందుకంత భయమో నాకు అప్పుడు తెలియదు. ఆమె చిన్న కూతురు, అంటే నా ఆడబిడ్డ, అప్పటికి పద్నాలుగేళ్ల పిల్ల. పుట్టుకతోనే డౌన్ సిండ్రోమ్ ఉంది, ఆ పేరు మాత్రం ఊళ్లో ఎవరికీ తెలియదు, నోటికొచ్చిన పేరు పెట్టి పిలిచేవారు. దానికి జడలల్లడమంటే ప్రాణం. నేను కాపురానికి వచ్చిన రోజే నా తలను దానికి అప్పగించేశాను.

ఆ ఆషాఢంలో మా ఆయన బోరు మోటారు కాలిపోయిందని, వైండింగుకు నిజామాబాద్ పోతున్నానని ఇంట్లో చెప్పి, దాన్ని అక్కడ షాపులో పడేసి, నందిపేట బస్సెక్కి మా ఇంటికొచ్చారు. పసుపు నాటే రోజులు, వాన దంచికొడుతోంది, తడిసి ముద్దయిన అల్లుణ్ణి గుమ్మంలోంచే పొమ్మనడానికి మా అమ్మకు నోరు రాలేదు. ఒక్క రాత్రి ఉండి వెళ్లారు. నెల తప్పిందని తెలిసేసరికి అమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చివరికి ఆమే ఉపాయం చెప్పింది, ఆషాఢం రాకముందే కడుపు పడిందని చెప్పు, ఒక నెల ఎక్కువ చెబితే ఎవరి సొమ్ము పోయింది అని. నాకూ నిజమే కదా అనిపించింది, ఎంత తెలివితక్కువదాన్నో.

ఇంట్లో ఆడబిడ్డ ఉండడంతో, నిజామాబాద్‌లో నన్ను చూసే డాక్టరమ్మ ముందు జాగ్రత్తకని రక్తపరీక్ష రాసింది, నమూనాను హైదరాబాద్ పంపారు. ఆ రోజే స్కానింగ్ కూడా చేసి, నెలలకు తగ్గ ఎదుగుదల లేదే అని అనుమానపడి, తేదీ సరిగ్గా గుర్తుందా అని ఒకటికి రెండుసార్లు నన్నే అడిగింది. నేను నోరు విప్పేలోగా పక్కనున్న అత్త, "ఆషాఢం రాకముందే పడ్డదమ్మా, నేను లెక్కవెట్టుకున్న" అంది. నేను తలూపాను. ఆ తల ఊపడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బతుకమ్మ పండుగ రోజుల్లో రిపోర్టు వచ్చింది. బిడ్డకు ఆ లోపం ఉండే అవకాశం ఎక్కువని ఉందట. ఖాయంగా తెలియాలంటే హైదరాబాద్‌లో కడుపులోంచి సూదితో నీరు తీసి చూడాలి, ఫలితం రావడానికి వారాలు పడతాయి. మేము చెప్పిన తేదీ ప్రకారం పందొమ్మిది వారాలు నిండాయి, ఇరవై దాటితే గర్భం తీయడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు. ఉంచుకోవడమా, తీయించుకోవడమా, మూడు రోజుల్లో చెప్పమంది డాక్టరమ్మ. తరువాత రిపోర్టు మీద వేలు పెట్టి, ఈ లెక్కంతా మీరు చెప్పిన తేదీని బట్టే కట్టారని మామూలుగానే అంది. ఆ గదిలో అది అబద్ధమని నాకొక్కదానికే తెలుసు.

ఆ మూడు రోజులూ నేను బోనులో పడ్డ ఎలుకనే. చెప్తే అమ్మ పరువు పోతుంది, కడుపులో బిడ్డకు పుట్టకముందే ఆషాఢపు ముద్ర పడుతుంది. చెప్పకపోతే బిడ్డే ఉండదు. పొలం గట్టు మీద మా ఆయనకు చెబితే, "నెల రోజులకే గంత ఫరక్ వస్తదా? మా అమ్మకు ఎట్ల చెప్పాలె" అని ఆ బాగైన మోటారు వంక చూస్తూ నిలబడ్డారు. బూత్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ, నా ఇజ్జత్ తియ్యకు బిడ్డా అని ఏడ్చింది. అత్త రాక్షసి అయినా బాగుండేది, కోపం తెచ్చుకుని అరిచేదాన్ని. ఆమె నా ఎదురుగా కూర్చుని కళ్లొత్తుకుంటూ, "నేను పోయినంక దీన్ని నువ్వే సూసుకోవాలె బిడ్డా. ఇంకొకల్లను గూడ నీ నెత్తిన ఎట్ల వెట్టాలె" అంది. నా వెనక కూర్చుని జడ అల్లుతున్న ఆడబిడ్డ చేతులు ఆగలేదు. ఆ మాట దానికి అర్థమైందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

మూడో రోజు డాక్టరమ్మ బల్ల మీద, తీయించుకోవడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టవలసిన కాగితం ఉంది. కలం చేతిలోకి తీసుకున్నాక, కాగితం వంకే చూస్తూ, "తేదీ తప్పమ్మా, ఆషాఢంల మా ఆయన మా ఇంటికొచ్చిండు" అన్నాను. డాక్టరమ్మ గోడ మీది క్యాలెండర్ తీసి వారాలు లెక్కపెట్టింది. బిడ్డ తక్కువేమీ ఎదగలేదని, ఉండాల్సినంతే ఉందని, ఈ రిపోర్టు దేనికీ పనికిరాదని, కొన్నాళ్లాగి మళ్లీ రక్తం తీద్దామని చెప్పింది. నేను పక్కనే ఉన్న అత్త వైపు చూడలేకపోయాను. ఆమె డాక్టరమ్మ వైపు తిరిగి, "అయితే ఆషాఢంల పడితే పిల్లలు గట్ల పుట్టరా అమ్మా?" అని అడిగింది. ఏ నెలకూ దానికి సంబంధం లేదు, ఎవరి తప్పూ కాదంది డాక్టరమ్మ. అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చిన్నబిడ్డ ఆషాఢంలో కడుపున పడిందని, అందుకే అట్లా పుట్టిందని వాళ్ల అత్త పోయేదాకా ఆడిపోసుకున్నదట. పద్నాలుగేళ్లు ఆ మాటను మోసింది మనిషి. బోధన్ బస్సులో సగం దారి దాటాక, "గా మోటారు అసలు కాలిందా లేదా?" అంది. అంతే, మళ్లీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

రెండోసారి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఆ బిడ్డే ఈ అమ్మాయి.

ఇప్పుడన్నీ మేలే. అత్త పక్కన కూర్చుని జవాబు చెప్పదు, ఆడది నెల దాచినా స్కానింగు దాచదు, చట్టం గడువూ పెరిగింది, మొగుడూ పెళ్లాం ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆ రోజులే బాగుండేవని నేననను. కానీ నా చేతిలో ఒక అబద్ధం ఉండేది, దాన్ని వెనక్కి తీసుకుంటే తలుపు తెరుచుకుంది. నా బిడ్డ ఏ అబద్ధమూ ఆడలేదు. వచ్చే వారం సూది పరీక్షకు హైదరాబాద్ పోవాలి, ఆ తరువాత ఏంచేయాలో నన్ను అడుగుతోంది.

నా ఆడబిడ్డకు నలభై దాటాయి, మాతోనే ఉంటుంది. తను దువ్వెన పట్టుకుని గదిలోకి రాగానే తల్లీకూతుళ్లం మాట మార్చేస్తున్నాం, సిగ్గుగా ఉంటుంది. నిన్న మా అమ్మాయికి జడ అల్లుతూ, ఎన్నో నెల అని అడిగింది. నాలుగోది అత్తా అని చెప్పింది మా అమ్మాయి. తను వేళ్ల మీద తొమ్మిది దాకా లెక్కపెట్టుకుని, ఇంకా ఐదే కదా అని అరచెయ్యి తెరిచి మా ఇద్దరికీ చూపించి నవ్వింది.