శవంగారి ఒక్క డైలాగు

వీధిలో ఆయన్ను అందరూ శవంగారూ అనే పిలుస్తారు. తిట్టు కాదు, గౌరవమే. పాలు పోసేవాడు "శవంగారూ, గిన్నె పట్టండి" అంటాడు. ఎదురింటి పిల్లలు "శవం తాతయ్యా, బాగున్నావా?" అంటారు. ఆయన కూడా "బాగున్నానర్రా" అని నవ్వుతాడు. బాధల్లా ఆయన భార్యకే. శవంగారి భార్య అని ఎవరైనా పరిచయం చేస్తే చాలు, "నిక్షేపంలా తిరుగుతున్న మనిషిని పట్టుకుని ఏం మాటలండీ అవి!" అని కసురుతుంది.

ఇదంతా ముప్పై ఏళ్ళ కిందట మొదలైంది. ఆయన అప్పటికీ ఇప్పటికీ పరుపుల కొట్లోనే పని. కొనేవాళ్ళకి పరుపు మీద పడుకుని చూపించడం ఆయన వంతు. ఒకరోజు సినిమావాళ్ళు పరుపు కావాలంటే మోసుకెళ్ళాడు. ఇంటి పెద్దాయన చచ్చిపోతాడు, శవం చుట్టూ చేరిన నలుగురు పిల్లలూ తల్లిని ఎవరు చూసుకోవాలా అని కొట్టుకుంటారు, అదీ సినిమా. శవం వేషం కట్టినవాడికి ఆ పూట తుమ్ములు పట్టుకున్నాయి. విసుగెత్తిన దర్శకుడు పరుపు తెచ్చినవాణ్ణే దాని మీద పడుకోమన్నాడు. నల్లజుట్టుకి తెల్లరంగు పూశారు. ముక్కు మీద ఈగ వాలినా ఈయన కదల్లేదు. సినిమా విరగబడి ఆడింది. హీరోనైతే జనం ఎప్పుడో మర్చిపోయారు గానీ శవాన్ని మాత్రం మర్చిపోలేదు.

అంత పేరొచ్చినా ఆయనకి ఒక్క కోరిక మిగిలిపోయింది. నలుగురి ముందు నోరు విప్పి ఒక్క మాట అనాలి. పెద్ద మాటేం అక్కర్లేదు. చివరి వరసలో కూర్చున్నవాడికి వినపడితే చాలు.

అదిగో అలాంటి సమయంలో, ఆ సినిమాని పాటల నాటకంగా వేస్తున్నారనీ, వేషాలకి మనుషుల్ని ఎంచుతున్నారనీ తెలిసింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"నాటకంలో వేషం అడుగుదామని."

"ముప్పై ఏళ్ళు నోరు మూసుకుని పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు తెరిచి పోగొట్టుకుంటారా?" అంటూనే గొడుగు చేతికిచ్చింది.

డాన్సు క్లాసులు జరిగే హాలు అది, నాలుగు గోడలకీ అద్దాలే. మెట్ల మీద క్యూ. హీరో వేషానికొచ్చిన వాళ్ళందరూ పాత సినిమాలో హీరోలాగే నుదుటి మీదకి జుట్టు దువ్వుకుని వచ్చారు. అద్దాల్లో చూస్తే వాళ్ళ సంఖ్య ఇంకా పెరిగి ఆయనకి కళ్ళు తిరిగాయి. బల్ల వెనక నిర్మాత, పక్కన దర్శకుడు. ఉక్కపోతలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకున్నాడంటే దర్శకుడే అయ్యుండాలి.

"శవం పాత్రని మీరెలా అర్థం చేసుకున్నారు?" అన్నాడు దర్శకుడు.

"పడుకోవడమేనండీ."

"అది కాదు. లోపల ఏం జరుగుతూ ఉంటుంది?"

"ఏం జరగదండీ. అందుకేగా శవం."

బల్ల మీద పడుకోమన్నారు. పడుకున్నాడు. దర్శకుడు చుట్టూ తిరిగి చూసి పెదవి విరిచాడు. "బాగానే ఉంది గానీ, సినిమాలో శవాన్ని కాపీ కొడుతున్నట్టుంది."

"ఆ శవం నేనేనండీ."

"అదే మీ సమస్య. నాకు కొత్తదనం కావాలి. శవంలో ఇంకాస్త జీవం కావాలి."

ఏం జీవమో, ఏం కొత్తదనమో! శవం వేషానికి ముందొచ్చిన వాళ్ళంతా రెప్పలు కదిపారు కాబట్టి గతిలేక ఈయన్నే తీసుకున్నారు.

మొదటి రిహార్సలు రోజున అందరూ బల్ల చుట్టూ కూర్చుని స్క్రిప్టు చదివారు. శవానికి ఒక్క మాటా లేదు. అయినా ఆయనకీ ఒక కాపీ ఇచ్చారు. అందరితోపాటు ఆయనా శ్రద్ధగా పేజీలు తిప్పాడు, ఎవరైనా వెనకబడితే పేజీ చూపించాడు కూడా. కథ సగానికి వచ్చేసరికి నిర్మాత ఆవులించాడు. "ఎంతసేపయ్యా ఈ ఏడుపు! ఆ శవమే లేచి ఒక పాట పాడితే పోలా?" అన్నాడు హాస్యానికి. దర్శకుడు కళ్ళు మూసుకుని, "నేను మొదటినుంచీ మొత్తుకుంటున్నది అదే కదండీ" అన్నాడు. అంతకుముందు ఆ మాట ఆయన నోట విన్నవాడు లేడు.

పాటలు రాసేవాడు తల పట్టుకున్నాడు. చచ్చినవాడు ఏమని పాడతాడు? వెలుగు అన్నారొకరు. ఆకాశం అన్నారొకరు. శూన్యం అన్నాడు దర్శకుడు.

"నేనొకటి చెప్పొచ్చాండీ?" అన్నాడు శవంగారు. "అప్పుడు షూటింగులో పడుకుని ఉంటే నాకు ఒకటే అనిపించేదండీ. వీళ్ళంతా పొద్దుటినుంచీ గొంతులు చించుకుంటున్నారు గానీ, ఆ తల్లిని తిన్నావా అని అడిగినవాడు ఒక్కడూ లేడే అని."

"ఏదీ, ఆ ముసలాయన ఎలా అడుగుతాడో అనండి," అన్నాడు పాటలాయన.

ఆయన రోజూ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ అడిగినట్టే అడిగాడు. "ఏమే, తిన్నావా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పెన్సిళ్ళు కింద పెట్టేశారు. నిర్మాత ఎందుకో ఇంటికి ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్ళాడు.

నిజానికి ఆ ప్రశ్నకి ఆయన ఇంట్లో ఒకటే జవాబు. "తిన్నాలెండి" అంటుంది భార్య. అబద్ధం. వంటింట్లో రెండు కంచాలూ బోర్లించే ఉంటాయి. ఆయనకీ తెలుసు, ఆయనకి తెలుసని ఆవిడకీ తెలుసు. పెళ్ళయిన దగ్గరినుంచీ ఆయన అడగడం మానలేదు, ఆవిడ అబద్ధం మానలేదు.

పాట తయారైంది. రిహార్సల్లో ఆయనే పాడాడు. గొంతు గొప్పదేం కాదు గానీ, వినేవాళ్ళు ముక్కులు చీదుకునేవారు. శవానికి రెండో పాట వచ్చింది. తర్వాత డైలాగులొచ్చాయి. ఇంట్లో చెప్పకుండా స్నానాల గదిలో నీళ్ళు పోసుకుంటూ సాధన చేశాడు. పెట్టుబడి పెట్టేవాళ్ళని పిలిచి నాటకం చదివి వినిపించే రోజు దగ్గర పడింది. "ఆ రోజు నువ్వు తప్పకుండా రావాలి. నీకొకటి వినిపిస్తా," అన్నాడు భార్యతో. ఆ నాలుగు రోజులూ ఆయన పరుపుల మీద పడుకుని చూపిస్తూ కూడా కూనిరాగాలు తీశాడు, కొనేవాళ్ళు బెదిరిపోయారు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా! వేషం పెరిగింది. పెరిగిన వేషానికి తగ్గ మనిషి కావద్దూ? నిర్మాత వెళ్ళి ఒక టీవీ సీరియల్ హీరోని పట్టుకొచ్చాడు. కుర్రాడికి శవంగారి వయసులో సగం కూడా లేదు. "ఆత్మకి వయసేమిటండీ?" అన్నాడు దర్శకుడు.

నిర్మాత శవంగారి భుజం మీద చెయ్యి వేశాడు. "మీకు అన్యాయం చెయ్యం. ఆత్మ లేచి పాడుతుంటే కింద శవం ఉండాలిగా! ఆ శవం మీరే. అందులో మీకు సాటెవరు చెప్పండి?"

"సరేనండీ" అన్నాడాయన. ఇంకేమంటాడు! ఇంటికెళ్ళి ఆ మాట చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాడు. భార్య అప్పుడే ఆ రోజుకి కట్టుకోవలసిన చీర మంచం మీద పరిచి చూసుకుంటోంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. అలవాటేగా.

ఆ రోజు రానే వచ్చింది. కుర్చీలు వేశారు, డబ్బున్నవాళ్ళు కూర్చున్నారు, బిస్కెట్లు తిరిగాయి. మూడో వరసలో భార్య. బల్ల మీద శవంగారు. హీరోగారు స్క్రిప్టు చేత్తో పట్టుకుని లేచాడు. కళ్ళు పైకప్పుకి, చెయ్యి గుండెకి. పాడటం చక్కగానే పాడాడు, ఆ మాట ఒప్పుకోవాలి. చివర్లో "ఏమే, తిన్నావా?" అన్నది పట్టుకుని, మేడ మెట్లెక్కినట్టు పైపైకి లాగి, పైన వదిలేశాడు.

మూడో వరసలోంచి మెల్లగా వినిపించింది. "తిన్నాలెండి."

హీరో వైపు కాదు, బల్ల వైపు చూస్తూ అంది. ఆ పాట ఎక్కడిదో ఆవిడకి ఒకరు చెప్పాలా? బల్ల మీద శవం కంటి కొసనుంచి నీటిచుక్క జారి చెవిలోకి పోయింది. ఈగకి కదలని మనిషి, దాన్ని ఆపుకోలేకపోయాడు.

దర్శకుడు ఎగిరి గంతేశాడు. "అద్భుతం! అమ్మా, మీరు రోజూ వచ్చి అక్కడ అలాగే అనాలి. శవంగారూ, ఆ కన్నీరు కూడా రోజూ సరిగ్గా అక్కడే రావాలి. వస్తుందా?"

శవం లేచింది. ఎవరూ లేవమనలేదు. కాళ్ళు కిందికి దింపి, హాలంతా కలయజూసి, చివరి వరసకి వినపడేలా అన్నాడు:

"ఆవిడ చెప్పింది అబద్ధమండీ. తినలేదు. నేను తినకుండా ఆవిడ ఒక్కపూటా తినలేదు. ఇంటికి తీసుకెళ్తున్నాను."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆయన అవేం పట్టించుకోకుండా బల్ల కింద చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. హీరోగారు దర్శకుడి చెవిలో గుసగుసలాడాడు గానీ, గట్టిగా పలకడం అలవాటైన గొంతు కదా, అందరికీ వినపడింది. "సార్, ఈ ముక్క చాలా బావుంది. ఇది కూడా నాకే పెట్టండి." దర్శకుడు అప్పటికే పెన్సిలు తీశాడు.

గుమ్మం దగ్గర భార్య గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. శవంగారు చెప్పులు తొడుక్కుని కుర్రాడి వైపు తిరిగాడు. కోపం కూడా లేదు ఆ మొహంలో.

"రాసుకోండి బాబూ, ఎన్నైనా రాసుకోండి. మీరడిగితే మాత్రం ఆవిడ జవాబు చెప్పదు."